పాత సింగిల్ ఎడ్జ్ రేజర్లలో ఏది మెతక, ఏది దూకుడు?

పోయినసారి పాత రేజర్లు చూపించాక మీలో చాలామంది అడిగింది ఒక్కటే. "అన్నా, ఇవన్నీ సరే, వీటిలో అన్నిటికంటే అగ్రెసివ్ ఏది?" ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది ఫాస్ట్ అని అడిగినట్టు అడిగారు. చెప్తాను. ర్యాంకింగ్ కూడా ఇస్తాను. కానీ ముందు ఆ మాటకి అర్థం ఏంటో తెలియాలి. లేకపోతే ర్యాంకింగ్ చూసి రేజర్ కొంటారు, వారం తిరక్కముందే మెడంతా ఎర్రగా చేసుకుని నన్ను తిట్టుకుంటారు.

రేజర్ విషయంలో అగ్రెసివ్ అంటే దూకుడు. బ్లేడు చర్మం మీదకి ఎంత ముందుకొస్తోంది, మన చేతి తప్పుని ఎంత క్షమిస్తోంది అన్నదే ఇందులో విషయం. క్షమించేది మెతక రేజర్, క్షమించనిది దూకుడు రేజర్. గడ్డం ఎంత నున్నగా వస్తుందన్నది వేరే లెక్క. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే అందరూ బోల్తా పడతారు.

ఇంకో గందరగోళం కూడా ఇప్పుడే తీసేద్దాం. సింగిల్ ఎడ్జ్ అనగానే మనకి సెలూన్‌లో కత్తి గుర్తొస్తుంది. అక్కడ అన్న మామూలు రెండు వైపుల బ్లేడుని కాగితంతో పాటే మధ్యకి విరిచి, సగం ముక్కని కత్తిలో దూరుస్తాడు కదా, అది వేరు. దానికి రక్షణ పట్టీ ఏమీ ఉండదు, అంతా ఆయన చేతి నైపుణ్యమే. ఈ రోజు మనం మాట్లాడేది సేఫ్టీ రేజర్ల గురించి. బ్లేడు ముందు ఒక పట్టీగానీ దువ్వెన పళ్ళుగానీ ఉంటాయి. బ్లేడుకి పదును ఒక్క వైపే ఉంటుంది. జెమ్ రకం బ్లేడుకి వెనక వైపు మందమైన రేకు మడత ఉంటుంది. ఎక్కువగా అమెరికాలో తయారైన సరుకు.

కథ కొంచెం చెప్తాను, ఎక్కువ లాగను. 1880లో న్యూయార్క్‌లో కాంప్ఫీ అన్నదమ్ములు ఒక రేజర్‌కి పేటెంట్ తీసుకున్నారు. సేఫ్టీ రేజర్ అన్న మాట వాళ్ళ పేటెంట్‌లోనే ఉంది. అంటే జిల్లెట్ కంటే ముందే. ఆ రేజర్ పేరు స్టార్. అందులో పెట్టేది పాత మంగలి కత్తి నుంచి కోసిన ముక్కలాంటి లావు బ్లేడు. పారేయడం ఉండదు, తోలు పట్టీ మీద సానబెట్టి మళ్ళీ వాడాల్సిందే. తర్వాత 1903లో జిల్లెట్ పల్చటి, రెండు వైపుల బ్లేడుతో మార్కెట్లోకి వచ్చాడు. దానికి పోటీగా బ్రూక్లిన్‌లో అమెరికన్ సేఫ్టీ రేజర్ అనే కంపెనీ జెమ్, ఎవర్ రెడీ అనే పేర్లతో సింగిల్ ఎడ్జ్ రేజర్లు కుప్పలు తెప్పలుగా అమ్మింది. సాయంత్రానికి మొహం మీద కనపడే నల్లటి నీడని ఇంగ్లిష్‌లో ఫైవ్ ఓ క్లాక్ షాడో అంటారు కదా, ఆ మాటని జనం నోళ్ళలో నానేలా చేసింది జెమ్ బ్లేడ్ల ప్రకటనలే. ఒక బ్లేడు అమ్ముకోవడానికి ఒక కొత్త భయాన్ని కనిపెట్టారన్నమాట! ఇప్పటి ఫేస్‌వాష్ యాడ్లకి తాతలు వీళ్ళు.

వీళ్ళకి తోడు ఇంకో మనిషి, జేకబ్ షిక్. అమెరికా సైన్యంలో పనిచేశాడు. తూటాల మ్యాగజైన్ ఉన్న తుపాకీలాగే బ్లేడ్లు కూడా ఒక డబ్బీలో వరుసగా ఉండి, తోస్తే ఒకటి లోపలికి వెళ్ళి పాతది బయటికి వచ్చేయాలి అన్నది అతని ఆలోచన. దాన్నే ఇంజెక్టర్ రేజర్ అంటారు. బ్లేడుని చేత్తో ముట్టుకోనే అక్కర్లేదు. 1920లలో వచ్చింది.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దూకుడు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటిది గ్యాప్. బ్లేడు అంచుకీ, ముందున్న పట్టీకీ మధ్య ఖాళీ. చాలామంది దీన్నొక్కదాన్నే పట్టుకుని "గ్యాప్ ఇంత, కాబట్టి అగ్రెసివ్" అని తేల్చేస్తారు. గ్యాప్ ఎక్కువైతే నురుగు, వెంట్రుకలు సాఫీగా పోతాయి, నిజమే. చర్మం కూడా ఆ ఖాళీలోకి కొంచెం ఉబ్బుతుంది, అదీ నిజమే. కానీ అదే మొత్తం కథ కాదు.

రెండోది ఎక్స్‌పోజర్. నా దృష్టిలో అసలైనది ఇదే. రేజర్ తల పక్క నుంచి చూడండి. పైన మూత అంచు, కింద పట్టీ అంచు. ఈ రెండిటినీ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. ఏటీఎం కార్డు అంచుని ఆ రెండిటికీ ఆనించినట్టు అనుకోండి. బ్లేడు మొన ఆ గీత దాటి బయటికి వస్తే దూకుడు. గీత మీదే ఉంటే మధ్యస్థం. గీత లోపలే ఆగిపోతే మెతక. మీ చెంప చర్మం ఆ మూతకీ పట్టీకీ ఆనుకుని జరుగుతూ ఉంటుంది. మొన బయటికి వచ్చి ఉంటే బరువంతా దాని మీద పడుతుంది. లోపల ఉంటే మూత, పట్టీ బరువు పంచుకుంటాయి. అందుకే గ్యాప్ పెద్దదైనా ఎక్స్‌పోజర్ తక్కువున్న రేజర్ మెత్తగా నడవొచ్చు, గ్యాప్ చిన్నదైనా మొన బయటికి ఉన్నది గీరొచ్చు.

మూడోది బ్లేడు బిగుతు. సింగిల్ ఎడ్జ్‌లో మజా అంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మామూలు రెండు వైపుల బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. అందుకే దాన్ని వేళ్ళతో వంచగలం. రేజర్‌లో బిగించినప్పుడు కూడా అది వంగే ఉంటుంది. జెమ్ బ్లేడు మందం దాదాపు 0.23 మిల్లీమీటర్లు. షిక్ ఇంజెక్టర్ బ్లేడు సుమారు 0.25. రెండింతలకి పైన, అంతే కదా అనిపిస్తుంది. కానీ రేకు వంగకుండా నిలబడే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ ఇన్నాళ్ళకి పనికొచ్చింది చూడండి. 2.3 ని మూడుసార్లు గుణించండి, దాదాపు 12. అంటే ఒకే ఉక్కు, ఒకే పొడవు బయటికి ఉంటే జెమ్ బ్లేడు 12 రెట్లు గట్టిగా నిలబడుతుంది.

దానివల్ల ఏమవుతుంది? పల్చటి బ్లేడు మొన గట్టి గడ్డం తగలగానే సన్నగా వణుకుతుంది. వెంట్రుక దగ్గర వెనక్కి వంగి, తెగగానే ముందుకి ఎగిరి చర్మాన్ని గీకుతుంది. చాలామందికి వచ్చే మంటలో దీని వాటా ఉంటుంది. మందం బ్లేడు వణకదు. కాబట్టి సింగిల్ ఎడ్జ్ రేజర్‌లో మొన కొంచెం బయటికి ఉన్నా, చర్మానికి నున్నగానే అనిపించొచ్చు. దూకుడుగా ఉంటుంది కానీ మొరటుగా ఉండదు. క్రికెట్‌లో చెప్పాలంటే మొదటి బాల్ నుంచే కొడతాడు, కానీ అడ్డదిడ్డంగా ఊపడు. అలాంటి బ్యాట్స్‌మన్ అన్నమాట.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మందం బ్లేడు వంగదు కాబట్టి మీరు కోణం తప్పితే అది కూడా సర్దుకోదు. గాటు పడితే లోతుగానే పడుతుంది.

నాలుగోది కోణం, అంటే మీ చెయ్యి. జెమ్ రకం రేజర్లకి ఆ రోజుల్లో కంపెనీ చెప్పిన పద్ధతే ఇప్పటికీ పద్ధతి. మూత పైభాగం చదునుగా ఉంటుంది. ఆ చదును భాగాన్ని చెంపకి పూర్తిగా ఆనించి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు పిడి మీరు అనుకున్నదానికంటే ముఖానికి దూరంగా నిలబడుతుంది. కార్ట్రిడ్జ్ అలవాటున్న చేతికి ఇది ఎబ్బెట్టుగా ఉంటుంది, తెలియకుండానే పిడిని కిందకి దించేస్తాం. దించిన కొద్దీ బ్లేడు నిలువుగా లేస్తుంది, కోయడం మానేసి గీకడం మొదలుపెడుతుంది. "ఈ రేజర్ రాక్షసి రా బాబూ" అని చెప్పేవాళ్ళలో సగం మంది రేజర్‌ని కాదు, తమ మణికట్టునే వర్ణిస్తున్నారని నా అనుమానం.

ఇప్పుడు రేజర్లు ఒక్కొక్కటి. ఇది నా చెంప, నా చెయ్యి చెప్పే మాట, శాస్త్రం కాదు.

అన్నిటికంటే మెతక షిక్ ఇంజెక్టర్. తల చిన్నది, ముక్కు కింద, పెదవి మూలల్లో హాయిగా తిరుగుతుంది. మొన పెద్దగా బయటికి రాదు. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేవాళ్ళకి కోణం కూడా దాదాపు అలవాటైనట్టే ఉంటుంది. వీటిలోనే 1 నుంచి 8 వరకు అంకెలున్న అడ్జస్టబుల్ మోడల్ ఒకటుంది. 1 దగ్గర పిల్లి, 8 దగ్గర పిల్లి కాదు. ఒకే రేజర్‌లో దూకుడు అంటే ఏంటో వేళ్ళతో తిప్పి నేర్చుకోవాలంటే దానికి మించిన మాస్టారు లేడు.

దాని పైన జి బార్ అని పిలిచే 1950ల నాటి జెమ్. మెతకకీ మధ్యస్థానికీ మధ్యలో ఉంటుంది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మంచి పిల్లాడు.

తర్వాత 1912 అని పిలుచుకునే ఎవర్ రెడీ, దాని చుట్టంలాంటి జెమ్ జూనియర్. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. మూత ఒక మడతబందు మీద పైకి లేస్తుంది, బ్లేడు పెట్టి మూసేయడమే. తిప్పేవి, బిగించేవి ఏమీ లేవు. తేలిక. నూరేళ్ళు దాటినవి కూడా ఇంకా పనిచేస్తున్నాయి. దూకుడులో సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. అన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే, దాచుకోను. తేలికగా ఉండడం వల్ల చెయ్యి తనంతట తానే ఒత్తిడి తగ్గిస్తుంది. గడ్డం మీద నడిచేటప్పుడు చిటపటమని చప్పుడు వస్తుంది. అది భయపడాల్సిన చప్పుడు కాదు. మందం బ్లేడు వెంట్రుకని తెంపే మోత అది. చప్పుడు ఉన్నచోట గడ్డం ఉందని, తగ్గిందంటే అక్కడ పని అయిపోయిందని అర్థం. అద్దం కంటే చెవి బాగా చెప్తుంది.

ఆ పైన మైక్రోమాటిక్ కుటుంబం. పిడి చివర తిప్పితే మూత తెరుచుకుంటుంది, మళ్ళీ తిప్పితే బ్లేడుని పట్టుకుని మూసుకుంటుంది. ఇందులో 1940ల నాటి క్లాగ్ ప్రూఫ్ ఒకటి. పట్టీ మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి, నురుగు ఇరుక్కోకుండా. 1912 కంటే ఒక మెట్టు పైన. బరువు ఎక్కువ, అదే దాని బలం, అదే ప్రమాదం. ఆ బరువుకి మీ ఒత్తిడి కూడా కలిపారంటే అయిపోయారు.

ఇక చివరన 1930ల నాటి మైక్రోమాటిక్ ఓపెన్ కోంబ్. పట్టీ బదులు దువ్వెన పళ్ళు. ఆ పళ్ళ మధ్యలోకి వెంట్రుకలతో పాటు చర్మం కూడా వస్తుంది, మొన ధైర్యంగా బయటికి ఉంటుంది, పైగా ఇత్తడి బరువు. మీరు అడిగిన "అన్నిటికంటే అగ్రెసివ్" ఇదే. మూడు నాలుగు రోజుల గడ్డం మీద పెడితే రెండు గీతల్లో చెంప కనిపిస్తుంది. రోజూ గీసుకునే వాళ్ళకి మాత్రం నేను దీన్ని చెప్పను. నిన్న గీసిన గడ్డం మీద దానికి చేయడానికి పనేమీ ఉండదు, ఖాళీగా ఉండలేక చర్మం జోలికి వస్తుంది.

నా ర్యాంకింగ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. మీ దగ్గర రెండు రేజర్లు ఉంటే మీరే తేల్చుకోవచ్చు. రెండింట్లో ఒకే కంపెనీ కొత్త బ్లేడు పెట్టండి. పాత బ్లేడు ఒకదాంట్లో, కొత్తది ఇంకోదాంట్లో పెట్టి పోల్చేవాళ్ళు ఉన్నారు, ఆ పోలికకి విలువ లేదు. గోరువెచ్చటి నీళ్ళతో రెండు మూడు నిమిషాలు గడ్డం తడపండి. తడిసిన వెంట్రుక ఎండిన దానికంటే చాలా తేలిగ్గా తెగుతుంది. ఎడమ చెంప ఒక రేజర్‌తో, కుడి చెంప ఇంకోదాంతో. మర్నాడు కాదు, గడ్డం అంతే పెరిగాక చెంపలు మార్చండి, ఎందుకంటే కుడిచేతి వాటం ఉన్నవాళ్ళకి రెండు చెంపల మీదా చెయ్యి ఒకేలా నడవదు. అయ్యాక చల్లటి నీళ్ళతో కడిగి, పటిక రాయండి. అవును, సెలూన్‌లో రాసే ఆ పటికే. కిరాణా కొట్లో దొరుకుతుంది. దానికంటే నిజాయితీ ఉన్న రివ్యూయర్ ఇంకొకరు లేరు. కంటికి కనపడని గీరుళ్ళు ఎక్కడున్నాయో అక్కడ చురుక్కుమంటుంది. ఏ చెంప ఎక్కువ మండిందో రాసి పెట్టుకోండి. సాయంత్రం మళ్ళీ చేత్తో తడిమి, ఏది ముందు గరుకెక్కిందో చూడండి. మంట ఎక్కువైన చెంపే ఎక్కువ నున్నగా ఉందా? చాలాసార్లు ఉండదు. అక్కడే మీకు దూకుడూ నునుపూ వేరని చర్మంతో తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం కొంచెం సీరియస్. గీసుకున్న రెండు రోజులకి మెడ మీద, దవడ కింద చిన్న చిన్న పొక్కులు లేస్తున్నాయా? అది మొటిమే అనుకుని క్రీములు పూసేవాళ్ళు చాలామంది. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. వెంట్రుకని చర్మం మట్టం కంటే లోపలికి కోసేస్తే, అది మళ్ళీ పెరిగేటప్పుడు వంకర తిరిగి లోపలే చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఒంట్లోకి ముల్లు దిగినట్టే. అందుకే వాస్తుంది. అంటే ఇక్కడ జబ్బుకి కారణమే ఆ అతి నునుపు. ఇలాంటి వాళ్ళు "ఇంకా అగ్రెసివ్ రేజర్ అయితే పోతుందేమో" అని ఓపెన్ కోంబ్ వైపు వెళ్ళడం నిప్పు మీద నెయ్యి పోయడమే. మెతక రేజర్ తీసుకోండి, వెంట్రుక వాలు వెంబడి ఒక్కసారి గీసి ఆపేయండి. వాలుకి ఎదురు గీత వద్దు. చర్మాన్ని వేళ్ళతో లాగి పట్టి గీయొద్దు, లాగి వదిలితే తెగిన మొన లోపలికి పోతుంది. కొంచెం గరుకు మిగిలితే మిగలనివ్వండి. పొక్కులు చీము పడుతున్నా, మచ్చలు మిగులుతున్నా గడ్డం పెంచేసి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

కొనాలనుకునే వాళ్ళకి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇవి పాత సామాను షాపుల్లో అప్పుడప్పుడు తగులుతుంటాయి. ఇండియాలో ఉన్నవాళ్ళు రేజర్ కంటే ముందు బ్లేడ్ల సంగతి చూసుకోండి, వీధి చివర షాపులో దొరికే రెండు వైపుల బ్లేడు వీటిలో పట్టదు. ఇంకో పెద్ద జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో రంగు గోకడానికి, అద్దాల మీద స్టిక్కర్లు తీయడానికి అమ్మే సింగిల్ ఎడ్జ్ బ్లేడ్లు అచ్చం జెమ్ బ్లేడుల్లాగే ఉంటాయి. కొన్ని రేజర్‌లో సరిపోతాయి కూడా. పెట్టొద్దు. షేవింగ్ బ్లేడు మొన మీద జారుడు పూత ఉంటుంది, వాటికి ఉండదు. అవి గోడ కోసం పుట్టినవి, చెంప కోసం కాదు.

పాత రేజర్ చేతికి రాగానే తల ముందు రెండు మూలలూ చూడండి. బ్లేడు ఎక్కడ ఆగాలో చెప్పే చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి. అవి అరిగినా, ఒకటి వంగినా బ్లేడు ఆ వైపు ముందుకొచ్చేస్తుంది. అప్పుడు కంపెనీ మెతకగా చేసిన రేజర్ కూడా ఒక మూల దూకుడుగా కోస్తుంది. బ్లేడు పెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, పట్టీకీ మొనకీ మధ్య ఖాళీ ఆ చివర నుంచి ఈ చివరకి ఒకేలా ఉందో లేదో చూడండి. ఏటవాలుగా కనిపిస్తే వాడొద్దు, షోకేస్‌లో పెట్టుకోండి. ఇంటర్నెట్‌లో ఒకరు మెతక అన్న రేజర్‌నే ఇంకొకరు రాక్షసి అనడానికి ఇది కూడా ఒక కారణం. ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే మోడల్, కానీ ఒకే రేజర్ కాదు.

శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. ఆరాక స్పిరిట్‌తో తుడవండి, ఎవరి గడ్డం గీసిందో మనకి తెలియదు కదా. వెనిగర్‌లో గంటలు గంటలు నానబెట్టకండి, పైపూత లేచిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాడేసిన బ్లేడ్లని చెత్తబుట్టలో విడిగా వేయకండి, ఒక రేకు డబ్బాకి సన్నగా కోత పెట్టి అందులో వేస్తూ ఉండండి. నిండాక మూత అతికించి, పైన "బ్లేడ్లు" అని రాసి ఇవ్వండి, చెత్త తీసేవాళ్ళ చేతులు తెగవు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ షిక్ అడ్జస్టబుల్‌ని 1 నుంచి 8 వరకు, రోజుకో అంకె చొప్పున నా మొహం మీదే నడిపి, పటిక ఏమంటుందో చూపిస్తాను. ఉంటాను ఫ్రెండ్స్.